గరాటు

రోహిణి కార్తె. ఆటోనగర్ రోడ్డు మీద
తారు చెప్పుల్ని పట్టుకుని వదలడం లేదు.
లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, మూడో క్రాసులో
నాగుల్ మీరా గారి లేతు మిషను
ఇనుప పొట్టు రాలుస్తోంది.

నెలకోసారి పద్దులు రాయడానికి వెళ్తాను.
బిల్లులన్నీ ఒకే మేకుకి గుచ్చి ఉంటాయి.
ఈసారి వాటి అడుగున దొరికింది
గ్రీజు మరకల కాయితం, మూడు సింహాల ముద్రతో:
సర్కారు సొమ్ము ఆదా అయ్యే సూచన ఇచ్చినందుకు
హవల్దార్ నాగిన్ మీరాకి
ఏడువందల యాభై రూపాయల బహుమానం.

"నాగినా?"
"టైపు గుమస్తా పుణ్యం. బ్యారక్ బ్యారకంతా
నెల్లాళ్లు నాగస్వరం ఊదారు నా మీద."
"ఇంతకీ ఏం కనిపెట్టారు?"
"గరాటు," అన్నాడు, లేతు ఆపకుండా.

గరాటే.
పేలిన గుండు తాలూకు ఇత్తడి తొడుగు,
పంక్చరైన ట్యూబు ముక్క, బిగించడానికి తీగ.
పీపాలోంచి డబ్బాలోకి డీజిల్ వంపితే
చుక్క కింద పడదు.

ఏడాదికెంత మిగులుతుందో రాయమంది ఫారం.
పదకొండు రోజులు దగ్గుమందు సీసాలో
కారే చుక్కలు పట్టి కొలిచాడట.
చుక్కని డబ్బాలతో, డబ్బాని బళ్లతో,
బండిని కాన్వాయ్‌లతో హెచ్చవేసుకుంటూ పోతే
లక్షా తొంభై వేలు తేలింది.

బహుమానం వచ్చిందంటే యూనిట్ ఊరుకుంటుందా!
జిలేబీలకి ఏడువందల యాభై చాలక
జేబులోంచి ఇంకో మూడొందలు.
"ఆదా చేసినందుకు నాకైన ఖర్చయ్యా అది.
నీ పద్దులో ఏ వైపు రాస్తావో రాసుకో."

నవ్వాను. ఆయనా నవ్వాడు.
అప్పుడు లేతు ఆపాడు.

"అసలది డీజిల్ సంగతి కాదు."

ఆ ఎత్తులో, ఆ చలిలో
నీళ్లు గడ్డకట్టి ఓ మూల పడుంటాయి.
అక్కడికి పంపే డీజిల్ గడ్డకట్టదు,
మంచుని మించిన చల్లదనంతో పారుతూనే ఉంటుంది,
గ్లౌజు కుట్లలోంచి లోపలికి పాకుతుంది.
మొదట నిప్పంటుకున్నట్టు ఉంటుందట.
కాసేపటికి ఏమీ ఉండదట.
ఆ ఏమీ లేకపోవడమే చెడ్డదట.

హయాత్ సింగ్ అని కుమావూ కుర్రాడు, కొత్త డ్రైవరు.
రాత్రిళ్లు ఖాళీ జెర్రీక్యాను బోర్లించి
డోలక్ వాయించేవాడు.
కుడిచేతి వేళ్లు రెండు,
రెండో కణుపు దాకా.

ఫారంలో అన్నీ రూపాయల గళ్లే.
ఇనుమెంత, ఇంధనమెంత, పనిగంటలెన్ని.
వేళ్లకి గడి లేదు.

"వేళ్లని రాస్తే ఫైలు ఆస్పత్రికి పోయేది.
డీజిల్ అని రాశాను,
ఢిల్లీకి పోయింది.
మరుసటి చలికాలానికి బండికో గరాటు."

ఎడమ చెయ్యి వాటం చేసుకున్నాడట హయాత్.
తాళం కొంచెం తప్పేదట.
"మేం తప్పలేదనేవాళ్లం."

ఏం అనాలో తెలీక
కాయితాన్ని మళ్లీ మేకుకి గుచ్చబోయాను.
బయట దబ్బున చప్పుడు.
కుర్రాడు ఏసుబాబు గేరాయిల్ డబ్బా ఒంపేశాడు,
నేల మీద నల్లగా పరుచుకుంటోంది.
"ఒరే, లీటరెంతో తెలుసా!" అని
అరిచింది నేనే.

నాగుల్ మీరా వెళ్లి
ముందు వాడి చేతులు రెండూ తిప్పి చూశాడు,
ఒక్కో వేలూ విడదీసి.
తర్వాత పాతగుడ్డ కోసం
ఇటు చెయ్యి చాపాడు.