ఎర సాలు

రెండు సాళ్ళు కొత్త మినుము,
ఒక సాలు పాతది.
మళ్ళీ రెండు కొత్తవి, ఒకటి పాతది.
నాగావళి ఒడ్డున, వరి కోసిన మడిలో
ఇలగే ఏసుకుంటూ ఎల్లాల.
పాత సాలు ఎందుకంటే, రోగం రావడానికి.
తెల్లదోమకి పిలుపన్నమాట.
ఒల్లంతా పసుపు పూసుకుని
పక్క సాళ్ళకి అంటించాల.
అంటించినా అంటుకోని మొక్క ఉంటాదే,
దాని మెడకి నాను ఎర్ర దారం కడతాను.

మందు కొట్టకూడదు. దోమని తోలకూడదు.
మొదటి ఏడు నాకు సెయ్యి ఆగక
పాత సాలుకి రెండు చెంబులు వేపకషాయం పోసీసినాను.
వినీల మేడమ్ తిట్టలేదు గానీ
"ఇది జబ్బు పడకపోతే
మిగిలినవి మంచివో కావో ఎలా తెలుస్తుంది, దాలమ్మా?" అన్నాది.

ఆ పాత యిత్తనం మా అయ్యది.
కోడికన్ను మినుము అనీవోలం.
పుస్తకంలో 'చెక్కు' అని రాస్తారు.
పల్లాకు తెగులు మా మడి మీద పడ్డ ఏడు
అయ్య పంటంతా పీకి గట్టు మీద పోసి
దాని పక్కనే కూకున్నాడు,
చుట్ట ఆరిపోనాదని కూడా తెలీకుండా.
మరి ఆ ఇంట్లోకి ఆ గింజ రానేదు.
ఇప్పుడు నాను కూలికి అదే గింజ ఏస్తన్నాను,
రోజుకి మూడొందలు.

మేడమ్ సిమ్లాలో బంగాళాదుంపల మీద సదివొచ్చినాది.
అక్కడో జాతి ఉందట,
వైరస్ ఏ కణంలో దిగితే ఆ కణం
తనంతట తానే సచ్చిపోద్దట.
ఆకు మీద ఆవగింజంత నల్ల సుక్క. అంతే.
పక్క కణానికి మామూలుగానే తెల్లారతాది.
"దానికెవులు సెప్పినారు మేడమ్?"
"తల్లి నుంచి వస్తుంది. జన్యువులో రాసుంటుంది."

మా బావ గుర్తొచ్చినాడు.
కరోనా ఏడు చెన్నై నుంచి నడిసొచ్చి
ఊళ్ళోకి రాకుండా కల్లం పాకలో తలుపేసుకున్నాడు.
సావలేదు. ఇప్పటికీ అక్కడే తొంగుంటాడు,
అలవాటైపోనాదట.
ఆ కంచం ఇంకెవులికీ ఇవ్వడు.
ఆయనకేటి రాసున్నాదో ఎవులు సదివినారు.

ఒకటి నించి తొమ్మిది దాకా మార్కులు.
పచ్చగుంటే ఒకటి, నిటారుగా నిలబడ్డాది.
మొత్తం పసుపైతే తొమ్మిది,
తలకాయ వాల్సీసిన మొలక.
నాకొచ్చిన రాతంతా ఈ అంకెలే.

నలభైయారో నంబరు మూడేళ్ళు ఒకటిలోనే ఉంది.
దానికి ఏం పేరు పెడదామా అని మేడమ్ నన్ను కూడా అడిగినాది.
నాలుగో ఏడు, మాఘంలో, ఒకాకు మీద
గోరంత పసుపు.
సూపించలేక సూపించినాను.
ఆ ఆకు ఎండకెత్తి సానాసేపు సూసి
"రోగం కూడా నేర్చుకుంటుంది, దాలమ్మా" అని
పెన్ను మూత పెట్టీసినాది.

ఎర సాల్లో ఏటా నాలుగు కాయలు నిలబడతాయి.
తూకం ఎయ్యరు. రిజిస్టర్లోకి ఎక్కవు.
కూలోలు పట్టుకెళ్ళిపోవచ్చు.
ఈసారి సోలెడు పోగైతే రాత్రి నానబెట్టి, రుబ్బి
గారెలేసి టిపినీలో తెచ్చినాను.
మేడమ్ రెండు తిన్నాది. మూడోది సగం తుంచి ఆగినాది.
"ఇంత కమ్మగా ఉన్నాయేంటి! ఏ నంబరివి?"

"తొమ్మిది, మేడమ్" అన్నాను.