పావుకిలో రాయి

కాసిమేడులో మాకు కోడి కూయదు.
నాలుగింటికి లాంచీలు కూస్తాయి, నాలుగున్నరకు వేలంపాట,
ఐదుకల్లా నా పట్టా మీద వంజరాలు, శంకరాలు, కాసిని కవళ్లు.
పక్కనే అమలోర్పవం పట్టా.
ఇద్దరికీ కలిపి ఒకటే ఐసుపెట్టె,
పద్నాలుగేళ్ల పొత్తు.

ఆ రోజు మెస్సాయన బేరానికొస్తే
"ఆ తెలుగామె తూకం తక్కువ" అంది.
నవ్వుతూనే అంది.
ఆ నవ్వే కాలింది నాకు.

ప్రభువా, నీకు తెలీనిదా?
స్త్రీల సమాజం చందా లెక్కలు రాసేదాన్ని,
రూపాయి తేడా వస్తే దీపం ఆర్పనిదాన్ని.
దొంగ తూకం నీకు గిట్టదని
తక్కెడ చేతికిచ్చిన నాడే మా నాయన చెప్పాడు.
అందుకే కోపం నాకు పాపంలా కనబడలేదు.
తెల్లచీర కట్టుకుని
సాక్ష్యం చెప్పడానికి లేచినట్టు లేచింది.
"నాది న్యాయం" అంటూ చెయ్యెత్తింది.
ఆ చేతిలో పావుకిలో రాయి ఉంది.

అమలోర్పవానికి తగల్లేదు.
ఐసు కొట్టే కుర్రాడు అంతోని
చెవి పక్కనుంచి రివ్వున పోయి
బుట్టల సందున ఎక్కడో పడింది.
వాడు అరవలేదు.
చెవి తడుముకున్నాడంతే,
ఉందో లేదో చూసుకున్నట్టు.

ఆ రాత్రి తోటలో కత్తి దూసినవాడు
నీ కోసమే కదా దూశాడు.
తెగింది మాత్రం
ఒక పనివాడి చెవి.

ఆ తర్వాత ఎవరు పావు అడిగినా, ముప్పావు అడిగినా
చేత్తో అందాజుగా తూచి ఇచ్చాను.
న్యాయం కోసం రాయి విసిరినదాన్ని,
న్యాయంగా తూచడానికి
రాయి లేకుండా కూర్చున్నాను.

మాకు పొద్దు సముద్రంలో పొడుస్తుంది,
రాయపురం ఇళ్ల వెనక కుంగుతుంది.
అది కుంగేదాకానే కోపానికి గడువని
చిన్నప్పటి నుంచీ విన్నమాట.
ఆ సాయంత్రం నీళ్లలో, పొలుసుల్లో మోకాళ్ల మీద పాకి
వెతికాను.
ప్రార్థనకని కాదు, రాయికని.

"ఇదిగో" అంది అమలోర్పవం.
నా చేతికివ్వలేదు.
తన తక్కెడలో ఒకవైపు తన పావు, మరోవైపు నా పావు వేసి
పైకెత్తింది.
ముల్లు ఒరిగింది.

తుప్పు.
ఉప్పుగాలి రోజుకింత నమిలి
నా న్యాయంలో పది గ్రాములు మింగేసింది.
రెండేళ్లుగా ముద్ర వేయించలేదు నేను.
"ఎట్లా చెప్పాలో తెలీక నవ్వుతా చెప్పాను" అంది.

నేను దొంగను కాను.
నా రాయి మాత్రం దొంగది.
రెండూ ఒకేసారి నిజం కాగలవని
ఇన్ని ఆదివారాల్లో నా చెవికెక్కలేదు.

చేపకో ముల్లు, తక్కెడకో ముల్లు,
"మన్నించు" అనబోతే
నా గొంతులో ఒకటి.
ఆ మాట సగమే బయటికొచ్చింది.
మిగతా సగం ఆమే తీసుకుంది,
నా పట్టా మీద ఐసు చల్లుతూ.

సోమవారం తూనికల ఆఫీసులో ముద్ర వేయించాను.
ఇప్పుడు తూకం అయ్యాక
రెండు కవళ్లు కొసరు వేస్తున్నాను,
తెలీక తిన్నదానికి వడ్డీ.
కోపానికి అట్లాంటి ఆఫీసు లేదు.
తెల్లారి లేచి నీ తక్కెడలో పెడతాను,
రాత్రికి రాత్రి ఎంత తుప్పు తిన్నదో
నువ్వే చూసి చెప్పాలి.
కొన్ని రోజులు పెట్టడమే మర్చిపోతాను.
ఆ రోజుల్లో అమలోర్పవం నా వైపు చూడదు,
తెలిసిపోతుంది ఆమెకు.

అంతోని చెవి బాగానే ఉంది.
కానీ చెమట తుడుచుకోడానికి నేను చెయ్యెత్తితే చాలు,
తల పక్కకు వంచుతాడు.
వాణ్ణి ఏమీ అనను.
చెయ్యి మెల్లగా ఎత్తడం నేర్చుకుంటున్నాను.

నిన్న కూడా వంచాడు.
తూచి చెప్పలేను గానీ,
ఒక పది గ్రాములు
తక్కువ వంచాడు.