మూడో కడుగు

తుర్కులో నవంబరు. మూడున్నరకే పొద్దు కుంగింది.
ఔరా నది గడ్డకట్టాలా వద్దా అని
నసుగుతోంది.
ల్యాబులో ఇద్దరమే:
నేనూ, నాకు మనవడి వయసున్న ఓత్సో.

మూడు మెడల గాజు కుప్పెలో
కాడ్మియమూ ఆలివ్ కొవ్వులోని ఆమ్లమూ
రెండొందల అరవై డిగ్రీల దగ్గర
తేటనీళ్లలా ఉన్నాయి.
"ఇప్పుడు" అన్నాను.
సిరంజిలోని సెలీనియాన్ని ఒక్క తోపు తోశాడు.

ముందు ఏమీ లేదు.
తర్వాత నిమ్మతొక్క.
ఆ తర్వాత మా చిత్తడినేలల లక్కా పండు,
చూస్తుండగానే కెంపు.
అదే పదార్థం, అవే పాళ్లు,
రేణువు ఒళ్లు చేసేకొద్దీ రంగు మారుతుంది.
"ఎంత ఒళ్లు?" అన్నాడు.
వెంట్రుకను నిలువునా ఇరవై వేల చీలికలు చెయ్,
అందులో ఒక్కటి.

ఆ నల్లపొడి ఎక్కడిదో అతనికి తెలియదు,
సీసా మీద ఏదో కంపెనీ చీటీ.
నాకు మాత్రం అది పోరి ఊరు.
రాగిని శుద్ధి చేసే తొట్ల అడుగున మిగిలే మడ్డి,
ఆ మడ్డిని వేయించే కొలిమి,
కొలిమి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు
మా ఆర్వో.

దీనికి చంద్రుడి పేరు పెట్టారట పెద్దలు.
వాళ్లెవరూ ఆర్వో పక్కన పడుకోలేదు.
ఊపిరిలో వెల్లుల్లి, చెమటలో వెల్లుల్లి,
ఆవిరిగదిలో రాళ్ల మీద నాలుగోసారి నీళ్లు చల్లినా
వెల్లుల్లే.
పెళ్లయిన కొత్తలో తల అటు తిప్పుకునేదాన్ని.
తర్వాతెప్పుడో
తిప్పుకోవడం మరిచిపోయాను.

ఓత్సోకి కడగడం నేర్పాను.
ఆల్కహాలు పొయ్యి, యంత్రంలో గిరగిరా తిప్పు,
అడుగున చేరిన ముద్దని మళ్లీ టోలూయిన్‌లో కరిగించు.
రెండుసార్లు చాలు, అన్నాను.
మంచి కుర్రాడు, శుభ్రమంటే భక్తి.
నేను కాఫీకి వెళ్లి వచ్చేలోపు
మూడోసారీ కడిగేశాడు.

నీలి దీపం కింద పెట్టి చూశాం.
రంగు ఉంది.
వెలుగు లేదు.

అతని మొహం చూడలేక కుర్చీ లాక్కుని చెప్పాను:
లోపలి పరమాణువుకి నాలుగు దిక్కులా చుట్టాలే.
పైపొరలో ఉన్నదానికి ఒక చెయ్యి గాల్లో.
ఇంత చిన్న రేణువులో
మూడోవంతు పైపొరే కదా, దాగడానికి లోపలేదీ?
ఆ గాల్లో చేతిని పట్టుకుని ఉన్నది ఆ జిడ్డే.
నువ్వు మురికనుకుని వదిలించింది దాన్నే.
అది పోతూ పోతూ కాడ్మియాన్నీ వెంట లాక్కుపోతుంది.
బోసిగా బయటపడ్డ సెలీనియం
వెలుగు కావలసినదాన్ని
దారిలోనే మింగేస్తుంది.

అతను బుద్ధిగా రాసుకున్నాడు.
నేను కిటికీ వైపు తిరిగాను,
ఆర్వో స్వెటరు గుర్తొచ్చి.
గొర్రె ఉన్నిది, మోచేతుల దగ్గర మాట్లు.
అతను పోయిన నెలకి మా చెల్లెలు వచ్చి
"ఇదేం కంపే!" అంది.
మొదటిసారి తనే ఉతికింది.
రెండోసారి నేను.
మూడోసారి ఎందుకు ఉతికానో
నన్ను అడగొద్దు.

మర్నాడు ఓత్సో, నాకు చెప్పకుండానే,
కాడ్మియం కలిపిన అదే జిడ్డు రెండు చుక్కలు వేసి
వెచ్చచేశాడు.
దీపం కింద నారింజ లేచింది,
మునుపటి దాంట్లో ముప్పావు.
"వచ్చింది హిల్కా, వచ్చింది!"
గ్లవ్వులు పైకెగరేశాడు. ఒకటి సింకులో పడింది.

సాయంత్రం మార్కెట్ హాల్లో
పొగబెట్టిన చేపలమ్మే కొట్టు పక్కన
ఒక వెల్లుల్లి గడ్డ కొన్నాను.
ఇంటికొచ్చి, ఎవరూ లేకపోయినా సిగ్గుపడుతూ,
స్వెటరు చేతిలోకి దూర్చి అలమారా మూశాను.

అది ఆ వాసన కాదు.
ఆర్వోది ఇంకాస్త పులుపు,
అడుగున కుళ్లిన ముల్లంగి జీర.
తలుపు తెరిచిన ప్రతిసారీ, కాదని తెలుస్తూనే ఉంది.

గడ్డ మొలకెత్తింది నిన్న.
ఇంకా తియ్యలేదు.