గోడకి ఇటేపు

మీరు రోమాపురి కాగితాలు చూసి రాసుకోండి,
నేను మన్ను చూసి చెప్తాను.
నా పేరు బాలశౌరి. కొండ్రపాలెంలో గుంటలు తీస్తాను.
గుంటూరు నుంచి బస్సులో గంట,
దిగాక పత్తిచేల గట్టు మీద నడక.

మీకు ఆయన మహాఘన అగ్రపీఠాధిపతులు.
మాకు రాయప్ప.
వాళ్ళమ్మ ఇన్నాసమ్మ మిరపకళ్ళాల్లో తొడిమలు తీసేది.
వేళ్ళు మండి మండి, పొద్దుగూకాక
వాడి మొహం మోచేత్తో తుడిచేది.
పన్నెండో ఏట గుణదల కొండెక్కించి మొక్కు తీర్చి
రేకుపెట్టెతో గురువిద్యాలయానికి పంపింది.

తర్వాత సముద్రాలు. ఎనిమిది భాషలు.
ఎనిమిదింట్లోనూ నోరు మూసుకోవడం నేర్పారంట.

ఒక సెలవుల్లో అడిగాను:
అగ్రపీఠం అంటున్నారు, ఏ ఊరికిరా?
'ఇసకలో పూడిపోయిన ఊరికి' అని నవ్వాడు.
పోపుగారి రాయబారికి మందనివ్వరంట.
పేరుకొక పీఠం ఉండాలి గనక
వెయ్యేళ్ళ కిందట చచ్చిన పట్నమొకటి రాసిస్తారంట.
గుడి లేదు, గంట లేదు,
జ్ఞానస్నానానికి ఒక్క పసిబిడ్డ లేదు.
ఓహో, నాదీ అదే మేత్రాసనం అన్నాను.
ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వాం.

రాయబారమంటే మా వైపు
యుద్ధానికి ముందు పాడే పద్యాలు.
ఆ మాటే అంటే, 'అంతే బాలశౌరీ,
కాకపోతే మేము రాగం బాగా సాగదీస్తాం.
సాగదీసిన రోజల్లా జనం బతికుంటారు' అన్నాడు.

ఎక్కడో ఒక దేశంలో ఇద్దరు సేనాపతులు
ఒక గదిలో కూచోమన్నారంట.
పంతొమ్మిది రాత్రులు ఈ గదికీ ఆ గదికీ
ఒకటే కాగితం మోశాడు.
ఇరవయ్యో తెల్లారి 'ఓటమి' కొట్టేసి 'విరామం' అని రాస్తే
తుపాకులు ఆగాయంట.
ఆ వారంలోనే ఇన్నాసమ్మ పోయింది.
అక్కడ విమానాల్లేవు.
గుంట నేనే తీశాను, గోడకి ఇటేపు.

గోడ సంగతి చెప్పలేదు గదూ.
పెద్దవీధి వాళ్ళకి అటేపు, మా పేటకి ఇటేపు.
సిలువ ఒకటే, గేట్లు రెండు.
మాది రేగడి నేల. వానకి ఉబ్బుతుంది,
ఎండకి నోరు తెరుస్తుంది.
ఏటా మే నెలకి గోడ బీటలిస్తుంది.
ఏటా సమాధుల పండగ లోపు
పెద్దలు సిమెంటు పూయిస్తారు.

రాయప్ప పదవి దిగి
గుంటూరులో ముసలి గురువుల ఇంట్లో చేరాడు.
మోకాళ్ళు పోయాయి. అయినా మూడుసార్లు వచ్చి
పెద్దలతో కూచున్నాడు.
'గోడ' కొట్టేసి 'హద్దు' అన్నాడు,
'హద్దు' కొట్టేసి 'ఆనవాలు' అన్నాడు.
కాఫీ ఇచ్చారు. ఉంగరం ముద్దుపెట్టుకున్నారు.
ఇటుక కదల్లేదు.

మూడోసారి వాళ్ళే ఒక సంధి తెచ్చారు.
'తమంతటివారు అక్కడ పడుకోవడమేంటి స్వామీ,
మా వైపు నడిమధ్య చోటిస్తాం, చలవరాయి పరిపిస్తాం.'

నలభై ఏళ్ళు 'ఆలోచిద్దాం' అన్న మనిషి,
'మీ బాధ అర్థమైంది',
'పైవారికి నివేదిస్తాను' అన్న మనిషి,
ఊతకర్ర వెతుక్కుని లేచి
'వొద్దు' అన్నాడు.
పేట తెలుగులో.
నా ఎరికలో వాడు అన్న మొదటి వొద్దు.

నిన్న తీశాను గుంట, ఇన్నాసమ్మ పక్కన,
మోచెయ్యి చాపితే అందేంత దూరంలో.
కారు కార్లుగా వచ్చారు. రెండో గేటు
ఇంత వెడల్పు తెరవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇవాళ పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు.
ఈసారి బీట పిడికిలి పట్టేంత ఉంది,
పునాది దాకా దిగింది,
పెద్దలు అడుగుతున్నారు, సిమెంటు ఎప్పుడు కలపను?

పార కడుక్కుంటూ
ఆలోచిద్దాం, అన్నాను.