ఉప్పు తక్కువ

ఫహాహీల్ల సముద్రం ఒడ్డుకు
మూతబడ్డ ఈత క్లబ్బొకటి ఉంటది.
ఎనుక రిఫైనరీ మంట, రాత్రంత ఆరదు.
గా క్లబ్బుల ముసలోడొకడున్నడు.
పేరు పలుకద్దన్నరు. పద్నాలుగో నంబరు అనాలె.
నేను పద్నాలుగో నంబరుకు వండేటోన్ని.

వంటింటి తలుపుకు కాయితం అంటించిన్రు.
వర్ఘీసు చదివి చెప్పిండు:
ఉప్పు దినానికి మూడు గ్రాములు, బీపీ ఉన్నది.
అన్నం మెత్తగ, పండ్లు కట్టుడువి.
గాజు గ్లాసు ఇయ్యద్దు. చెంచా చెక్కది.
పదకొండు నుంచి నాలుగు దాక ఎండల నిలవెట్టద్దు.
ఎనిమిది గంటల నిద్ర.
అడిగినప్పుడు మంచినీళ్లు.
ఎవలూ చెయ్యి ఎత్తద్దు. చూసి నవ్వద్దు.

నవ్వద్దు అన్నకాడ నేను నవ్విన.

అవుసలోల్ల తరాజసొంటిది చేతికిచ్చిన్రు, ఉప్పు తూచేతందుకు.
ఉప్పు తిన్నోడు ఇశ్వాసంగ ఉండాలంటరు మా దిక్కు.
ఇక్కడ ఎవని ఉప్పు ఎవడు తింటున్నడో
నాకే సమజ్ గాలే.

వాని మొఖం నాకు కొత్త గాదు.
ఇరవై రెండేండ్ల కింద వాని దేశంల
నా మొదటి జీతం మీద వాడే ఉండె,
పచ్చ నోటు మీద, మీసం దువ్వి, పక్కకు చూస్కుంట.
మెట్‌పల్లికి డ్రాఫ్టు తీసేదాక
వాన్ని నాలుగు మడతలు వెట్టి అంగి జేబుల దాసుకున్న.
వాని మహలు గుమ్మటానికి మాలు మోసినం,
నేనూ లింబాద్రీ.
జూలై నెల. మిట్టమధ్యాహ్నం.
లింబాద్రి పైనుంచి "నీళ్లు" అన్నడు.
మేస్త్రి గడియారం చూసుకున్నడు.
తర్వాత లింబాద్రి కిందికొచ్చిండు,
నిచ్చెన లేకుంట.
పెట్టె ఊరు చేరెతందుకు నాలుగు నెల్లు.

అందుకే, ఒకనాడు
తరాజు పక్కకు వెట్టిన.
పప్పు సూపుల సగం పిరికెడు ఏసిన.
తలుపు సందుకెల్లి చూసిన.
ముసలోడు ఒక్క చెంచా తాగిండు. ఆగిండు.
మల్ల తాగిండు. గిన్నె ఖాళీ చేసిండు,
ఒక్క మాట అనలే.
ఎన్నడన్న ఎవలకన్న భయపడ్డడో లేదో,
ఆనాడు వంటోనికి భయపడ్డడు.
తర్వాత "మోయ" అన్నడు.
కావలి పిలగాడు, ఇరవయ్యేండ్లు కూడ ఉండయి,
సీసా మూత తానే తిప్పి ఇచ్చిండు.

మూత టిక్కుమన్న చప్పుడు
నాకు లింబాద్రి దాక ఇనవడ్డది.
వీనికి బందు వెడితే గా నీళ్లు
గుమ్మటం ఎక్కి పోతయా?

రొట్టెల వ్యాను అబూ జాసింది. ముసలోని దేశపోడే.
తమ్ముడు బడి పంతులు, ఒక రాత్రి జీపెక్కిండు,
మల్ల దిగలే.
ఉప్పు సంగతి చెప్పిన. మెచ్చుకుంటడనుకున్న.
తట్ట కింద వెట్టిండు.
"కోర్టుల పేర్లు చదువుతరు," అన్నడు,
"ఒక్కొక్కటి, తండ్రి పేరుతోని, ఊరి పేరుతోని.
పదకొండు వేలు.
నా తమ్మునిది తొమ్మిది వేల చిల్లర.
అందాక వాని చెవులు బతకాలె.
నీ పిరికెడు ఉప్పుతోని
నా తమ్మున్ని మల్ల సంపకు."

గంతే. రొట్టెలు లెక్కవెట్టుకో అన్నడు.
నలభై ఆరు. సరిపోయినయి.

ఆ రాత్రి క్యాంపుకు పోయిన. ఒక్క రూముల తొమ్మిది మందిమి.
ఏసీ చెడి మూడు దినాలాయె.
పైపుల కాడ పనిచేసే ఇద్రిస్
బొబ్బల చేతులను తడిబట్టల చుట్టుకొని
గోడకు తిరిగి పన్నడు.
నాకు గా కాయితం యాదికొచ్చింది.
ఎనిమిది గంటల నిద్ర.
అడిగినప్పుడు మంచినీళ్లు.
ముసలోని తలుపుకెల్లి పీకాలనిపియ్యలే.
ఇంకో కాపీ తియ్యాలనిపించింది,
మా తలుపుకు.

ఇప్పుడు మూడు గ్రాములే తూస్తున్న.
చెయ్యి వణుకుతది అప్పుడప్పుడు,
ముల్లు నడుమ నిలిచేదాక ఆగుత.
నిన్న ముసలోడు చెప్పి పంపిండు,
కూరల ఉప్పు తక్కువైందని.
నిమ్మకాయ పిండి పంపిన.
కాయితంల నిమ్మకాయకు లెక్క రాయలే.