ఇరవయ్యొకటో పేరు

చెంగల్రాయులు సారుని తీసుకుపోయిన కాగితంలో
ఆయన పేరు లేదు.
‘మిగులు: ఒకటి’ అని ఉంది.
పలమనేరు బస్సెక్కే ముందు ఆయన
బీరువా తాళం, సుద్దముక్కల డబ్బా,
ఇరుసు ఊడిన గ్లోబు
నా చేతికిచ్చి,
"మునికుమారుకి ఎక్కాలు పాడితేనే వస్తాయి మేడం,
రాయమంటే రావు" అన్నాడు.
అప్పగింతల పట్టీలో ఆ మాటకి గడి లేదు.

అప్పట్నించీ బోయపల్లిమిట్ట బడికి నేనొక్కదాన్నే.
ఒక నల్లబల్ల. నాలుగు నిలువుగీతలు, ఐదు తరగతులు.
ఐదో తరగతి భిన్నాల పక్కనే
నాలుగో తరగతి నదులు.
ఒకటో తరగతి గడిలో అక్షరాలు బాగా కిందికి,
ఆ చేతులకి అందేటట్టు.
నేను వాళ్ల దగ్గర కూర్చుంటే
మూడో తరగతి మామిడిచెట్టెక్కుతుంది.
నా మొహం హాజరు పడాలంటే
సిగ్నలు కోసం నీళ్లట్యాంకు మెట్లెక్కల్ల నేను.
జొరమొచ్చిన రోజు దేశమ్మ టీచరు, ఐదో తరగతి.
ఆ రోజు బడి బాగా జరిగిందంట.

ఇరవై మందికి ఒక అయివోరు.
ఇరవై ఒకటైతే ఇద్దరు.
నా పట్టీలో ఇరవై.

ఇటుకబట్టీ కాడ ఒక పిల్ల ఉందని
గుడ్లు ఉడకేసే రెడ్డెమ్మ చెప్పింది.
ఆదివారం స్కూటీ ఏసుకుని పోయినా.
వాళ్లమ్మ నెత్తిమీది పలక దించి
చుట్టకుదురు తీసి మొహం తుడుచుకుని
"ఒక్క బిడ్డ కోసరం ఇంత ఎండలో వచ్చినావా మా?" అనింది.
ఆమె కండ్లల్లో నీళ్లు.
బిడ్డ కోసరం కాదు తల్లీ,
అంకె కోసరం
అనే మాట నాలిక మొనదాకా వచ్చి
వక్కముక్క మాదిరి ఇరుక్కునింది.
మజ్జిగిచ్చింది. తాగినా.

లెక్క తేదీనాడు పిల్ల రాలేదు.
మేస్త్రీ హోసూరు పనికి రమ్మన్నాడంట.
మండలాఫీసు ఫోనులో అడిగింది: "ఎంత?"
"ఇరవై."
"సరే" అని పెట్టేసినారు.

పన్నెండు రోజులకి
గేటు కాడ నిలబడింది, తొమ్మిదేండ్ల పిల్ల,
మోకాళ్లకి ఎండిన మట్టి.
పేరడిగితే తల వంచింది.
లెక్కలొచ్చునా అంటే ఎత్తింది.
అయిదులు అయిదులుగా, ఇటుకలు పేర్చే వాటంలో,
నూరు దాటి, వెయ్యి దాటి,
ఊపిరి తీసుకునే చోట ఊగుతా...
రెండో తరగతి వరసలోంచి మునికుమారు
ఎవరూ అడక్కుండానే గొంతు కలిపినాడు.

సారు కుర్చీలో గుడ్ల ట్రే ఉండె. కింద పెట్టినా.
వయసు చూస్తే నాలుగో తరగతి,
అక్షరాలు చూస్తే ఒకటి,
అంకెలు చూస్తే నాకూ తెలీదు.
నల్లబల్ల అంచున, రంగు లేచిపోయిన చోట,
అయిదో గీత గీసి
ఆ సందులో ఇరుకు ఇరుగ్గా రాసినా:
తులసిబాయి.