సున్నం గీత

శనివారం రాత్రి రెండున్నర.
గుంటూరుకి కరెంటు పోయి గంటయింది.
డాబాల మీద పడుకున్నవాళ్లు
చాపల మీద అటూ ఇటూ దొర్లుతున్నారు.

మా మేనత్త సలోమమ్మ సున్నం బకెట్టు నా చేతికిచ్చి
తను కొవ్వొత్తులూ, బంతిపూలూ,
ఉడకబెట్టిన నాలుగు గుడ్లూ పట్టుకుంది.
గుడ్లకి ఉల్లిపొట్టు ఎరుపు.
ఎవరు నేర్పారంటే చెప్పదు.
"ఎరుపు మనకి కొత్తా?" అంటుంది,
పగలంతా ముచ్చికలు తీసిన వేళ్లు
కొంగుకి దూరంగా పెట్టుకుని.
నలభై శ్రమదినాల్లో ఆ వేళ్లతో
ఒక్కసారీ కళ్లు తుడుచుకోలేదు.
భక్తి వల్ల కాదు, కారం వల్ల.

సమాధుల తోట గేటుకి తాళం.
ఆ మొదటి ఆదివారం ఆడవాళ్లకీ ఇదే దిగులట,
రాయి ఎవరు దొర్లిస్తారని.
మాకు అడ్డం రాయి కాదు, వాచ్‌మెన్ ఏసోబు నిద్ర.
పిలిస్తే లేచాడు,
లేవడం ఏమంత పెద్ద పని అన్నట్టు.

ఉపదేశి బర్నబాసు తాత ఎండుకొమ్మలు పోగేసి
కొత్త నిప్పు రాజేశాడు.
"పూర్వం చెకుముకిరాయి కొట్టేవాళ్లు,
నా దగ్గర ఇదే ఉంది" అని అగ్గిపెట్టె ఆడించాడు.
ఒక్కొక్కరే వచ్చి వత్తి అంటించుకుంటుంటే
ఏటా చెప్పేదే మళ్లీ చెప్పాడు:
ఆ రోజుల్లో ఈ రాత్రి ఎవరూ కన్ను మూసేవారు కాదు.
బాప్తిస్మం కోరినవాళ్లు పడమటికి తిరిగి
చీకటిని మొహం మీదే వద్దనేవారు.
తూర్పుకి తిరిగి, నీళ్లలో మునిగి లేచి
తెల్లబట్టలు కట్టుకున్నాక
నోట్లో పాలూ తేనే పోసేవారు, పసివాళ్లకి పోసినట్టు.
కొవ్వొత్తిని పొగిడే పాటలో
మైనం చేసిన తేనెటీగలకి కూడా ఒక మాట ఉండేది.

"మరి ముచ్చికలు తీసేవాళ్లకి?" అంది అత్త.
తాత కాసేపు మంటకేసి చూశాడు.
"అది ఇంకా రాయాలి."

ఫిలేమోను మామయ్య సమాధి ఇప్పుడు లేదు.
తూర్పు గోడ పక్కన ఆఖరి వరస ఆయనది.
కాళ్లు తూర్పుకి పెట్టి పడుకోబెట్టాం,
లేచి నిలబడితే పొద్దు మొహమ్మీద పడేట్టు.
రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ లోపలికి జరిగింది.
ఎముకలు కొన్ని మార్చామన్నారు,
ఎవరివో చెప్పలేదు.
ఆ ఆడవాళ్లకి సమాధి దొరికింది, మనిషి దొరకలేదు.
మా అత్తకి సమాధి కూడా దొరకలేదు.

అయినా గేటు బయటికి వచ్చి
మురిక్కాలవకీ తారు అంచుకీ మధ్య
అడుగులు లెక్కపెట్టుకుని, వంగి,
సున్నంతో ఆరడుగుల గడి గీసింది.
ఒక మూల వంకర పోయింది. దిద్దలేదు.
"ఆయనా తిన్నగా పడుకునే మనిషి కాదులే."
గుడ్డు పెట్టింది. కొవ్వొత్తి వెలిగించింది.

నాలుగున్నరకి యార్డుకి పోయే టిక్కీల లారీ
సున్నం గీతని తొక్కుకుంటూ,
గుడ్డుకి జానెడు దూరంలోంచి పోయింది.
కొవ్వొత్తి ఆరింది. ఘాటు లేచింది.
గోడకి అవతల పాట రెండో చరణంలో ఉంది.
ముందు పాస్టరమ్మ తుమ్మింది,
తర్వాత తబలా పిల్లాడు, ఆడపిల్లల వరస మొత్తం.
తాత "హల్లెలూ" దగ్గర ఆగి, తుమ్మి,
"యా" తర్వాత కలిపాడు.
ఎవరో కిసుక్కుమన్నారు, అంతే.
సమాధుల మధ్య తెల్లచీరలు
పొట్టలు పట్టుకుని నవ్వడం మీరెప్పుడైనా చూశారా?

పూర్వం కొన్ని దేశాల్లో ఈ పండక్కి
గుళ్లో పనిగట్టుకుని నవ్వించేవారట,
చావు ఎర మింగి గాలానికి చిక్కిందని.
మాకు ఆ శ్రమ లేదు, యార్డు ఉంది.

ఏసోబు కొవ్వొత్తి నుంచి
నేను మామయ్య కొవ్వొత్తి మళ్లీ అంటించాను.
అత్త గోడకి ఆనుకుని నవ్వుతూనే ఉంది.
నవ్వి నవ్వి, ఒళ్లు మరిచిపోయి
ఆ వేళ్లతోనే కళ్లు తుడుచుకుంది.

"ఓరి దేవుడా" అని ఒక్క అరుపు అరిచి,
కళ్లు మూసుకునే
తూర్పుకి తిరిగింది.